మలావిలో వాలంటీరుగా ఉన్నా, నడిమధ్యలో వేరే జిల్లాకి మారమంటున్నారు. ఏం చెయ్యను?

డెడ్జా_టీచరమ్మ
మాది రాజమండ్రి పక్కన పల్లెటూరు. ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ తరఫున మలావి వచ్చి, డెడ్జా జిల్లాలో ఒక కమ్యూనిటీ డే సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్తున్నా. రెండేళ్ళ ఒప్పందం. ఇంకా ఏడాది నిండలేదు.

పోయిన నెల ఊరి చివర రెండు ఇళ్ళలో దొంగలు పడ్డారు. నా ఇంటి జోలికి ఎవరూ రాలేదు. అయినా ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఆ ఇల్లు భద్రం కాదు, నిన్ను ఉత్తరాన రుంఫీ జిల్లాకి మారుస్తున్నాం, వచ్చే వారాంతానికల్లా సామాను సర్దుకో అన్నారు. నీకు ఇష్టమేనా అని ఒక్క మాట అడగలేదు.

ఫారం 4, అంటే హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలకి ఎంఎస్‌సీఈ అనే పబ్లిక్ పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఇక్కడి భాష చిచేవా ఇప్పుడిప్పుడే నోరు తిరుగుతోంది, సంతలో బంగాళాదుంపలు బేరమాడే దాకా వచ్చాను. రుంఫీలో చితుంబుకా అంట, మళ్ళీ ఓనమాలే. వీటన్నిటినీ మించిన దిగులు పక్కింటి ముసలమ్మ. నాకు న్సీమా, అంటే ఇక్కడి మొక్కజొన్న సంకటి, గెలకడం నేర్పింది ఆవిడే. మలేరియా వచ్చినప్పుడు రాత్రంతా నా చాప పక్కన కూర్చుంది. ఆవిడకి ఏం చెప్పి వెళ్ళను?

మారడమా, అన్నీ వదిలేసి ఇంటికి వచ్చేయడమా? నిద్ర పట్టడం లేదు. ఇలా మధ్యలో ఊరు మారినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

వానపల్లి_వాసు
భద్రత అన్నాక మారాల్సిందే చెల్లీ. ఇంటికి వచ్చేయడం గురించి మాత్రం ఈ వారం ఆలోచించకు. నిద్ర లేనప్పుడు అంత పెద్ద నిర్ణయాలు పెట్టుకోకూడదు.

కడప_కాత్యాయని
అమ్మానాన్నకి చెప్పినావా? దొంగల సంగతి వేరేవాళ్ళ నోటెంట వింటే ఇంకా భయపడతారు. మారుతున్నా అన్న కబురుతో కలిపి నువ్వే చెప్పు.

జూబా_రుంబెక్
దక్షిణ సూడాన్‌లో యూఎన్ వాలంటీరుగా చేశాను. 2016 జూలైలో జూబాలో కాల్పులు మొదలయ్యాక కొన్నాళ్ళు కాంపౌండ్ దాటనివ్వలేదు, ఆ తర్వాత ఉగాండాలోని ఎంటెబ్బెకి తరలించారు. తిరిగొచ్చాక నాకు దొరికింది రుంబెక్ అనే వేరే ఊరు. జూబాలో నా గది, నా వంటసామాను, నాతో పనిచేసిన కుర్రాళ్ళు, ఏదీ మళ్ళీ చూడలేదు. అందుకని భద్రత విషయంలో ఆఫీసుతో పోట్లాడకు. నీకు కనపడని సమాచారం వాళ్ళ దగ్గర ఉండొచ్చు.

కానీ పోట్లాడకపోవడం వేరు, అడగకపోవడం వేరు. కొన్ని విషయాలు ఈమెయిల్లో రాసి ఈమెయిల్లోనే జవాబు తెప్పించుకో. ఇది తాత్కాలికమా, శాశ్వతమా. ఒప్పందం ముగిసే తేదీ మారుతుందా. సామాను రవాణా, కొత్త ఇంట్లో సర్దుకునే ఖర్చు ఎవరిది. అన్నిటికన్నా ముఖ్యంగా, రుంఫీలో ఆ ఇంటిని ఎవరైనా స్వయంగా వెళ్ళి చూశారా. తలుపు గడియ, కిటికీ ఊచలు, నీళ్ళు ఎంత దూరం, ఫోన్ సిగ్నల్, రాత్రి పూట జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో. దొంగల భయంతో ఒక ఇంట్లోంచి తీసి, గడియ లేని ఇంకో ఇంట్లో పెట్టిన సందర్భాలు నా కళ్ళారా చూశాను.

మానుకోట_మల్లన్న
ఏమనుకోకు గానీ అక్కా, మన దగ్గరనే బడులల్ల సార్లు లేక పోరగాళ్ళు గోసపడుతుండ్రు. లెక్కలు చెప్పెతందుకు ఆఫ్రికా దాంక పోవుడెందుకు? వచ్చెయ్. మా మండలంల చెప్పు, నేనే బడి చూపిస్త.

విశాఖ_రిటైర్డ్_హెచ్ఎం
మల్లన్నా, ఆవిడ అడిగింది అది కాదు. అయినా అన్నావు కాబట్టి చెప్తున్నా. మన దేశానికీ ఇలాగే వచ్చారు. 1961 నుంచి 1976 దాకా అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు మన పల్లెల్లో పనిచేశారు. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 68 ఏళ్ళ వయసులో వచ్చి ముంబై దగ్గర విఖ్రోలిలో నర్సుగా చేసింది. వాళ్ళ ఊళ్ళో రోగులు లేకనా వచ్చింది?

ఇక టీచరమ్మా. ముప్పై ఏళ్ళకి పైగా పదో తరగతికి చెప్పినవాడిగా నా మాట: పబ్లిక్ పరీక్షల ముందు లెక్కల టీచరుని తీసేయడం పిల్లలకి అన్యాయం. జిల్లా విద్యాధికారిని వెళ్ళి కలువు. పరీక్షలు అయ్యేదాకా ఆపమని ఆయన చేత చెప్పించు.

జూబా_రుంబెక్
హెచ్ఎం గారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. సంస్థని దాటుకుని ప్రభుత్వ అధికారి దగ్గరికి వాలంటీరు వెళ్తే, ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ ఆవిడ పక్షాన నిలబడరు. రేపు రుంఫీలో కష్టం వస్తే ఫోన్ ఎత్తాల్సింది ఆ ఆఫీసే.

విశాఖ_రిటైర్డ్_హెచ్ఎం
సరే, ఆవిడ వెళ్ళొద్దు. స్కూల్ హెడ్డు వెళ్ళొచ్చు కదా? తన బడి పిల్లల కోసం అడిగే హక్కు ఆయనకి ఉంది. పిల్లల సంగతి ఎవరూ మాట్లాడకపోతే ఎలా?

డెడ్జా_టీచరమ్మ
హెడ్ సార్‌కి ఇంకా చెప్పలేదు. ఆఫీసువాళ్ళే చెప్తాం, నువ్వు చెప్పకు అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన ఎదురుగా కూర్చుని వచ్చే నెల టైమ్‌టేబుల్ గురించి మాట్లాడుతుంటే గొంతు పట్టేసింది.

@మల్లన్న, పిలిచినందుకు థాంక్స్ అన్నా. వస్తా, ఇక్కడ పని అయ్యాక. నిజంగానే వస్తా.

కిగాలి_కొండలు
నువ్వే చెప్పెయ్, ఇవాళే. ఆఫీసు జీపు ఎక్కి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగితే ఆ ఊరివాళ్ళు నిన్ను క్షమించరు, అది వాళ్ళ తప్పు కూడా కాదు.

నేను రువాండాలో టీచర్లకి ఇంగ్లీషు శిక్షణ ఇచ్చే పని మీద వెళ్ళాను. 2008లో బోధనా భాషని ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకి మార్చాక ఆ పనికి చాలామంది అవసరమయ్యారు. మొదట దక్షిణాన న్యామగాబేలో ఉన్నా. కొండలు, చలి, పొద్దున పది దాకా పొగమంచు. నిధులు అయిపోయాయని మధ్యలో తూర్పున న్యగతారేకి మార్చారు. అక్కడంతా చదును, ఎండ, ఆవుల మందలు. ఒకటే దేశం, ఒకటే భాష, అయినా మొదటి నెల నాకు ఊపిరాడలేదు. ఎవరేం చెప్పినా "న్యామగాబేలో అయితే" అని మొదలుపెట్టేదాన్ని. నాతో పనిచేసే టీచరమ్మ ఒకరోజు మెల్లగా, ఆ ఊరు ఆ ఊరే, ఇక్కడ మేమున్నాం అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

నన్ను నిలబెట్టింది ఉముగాండా. ప్రతి నెలా ఆఖరి శనివారం ఊరంతా కలిసి రోడ్డు బాగుచేయడమో, కాలువ తవ్వడమో చేస్తారు. గడ్డపార పట్టుకుని వెళ్ళి నిలబడితే చాలు, నీ పేరేంటి, ఎక్కడుంటావు, అన్నీ వాళ్ళే అడుగుతారు. మలావిలో అలాంటిది ఏముందో అక్కడి వాళ్ళని అడుగు.

వానపల్లి_వాసు
గడ్డపారతో పరిచయాలు బాగుంది. మా ఊళ్ళో శ్రమదానానికి పిలిస్తే సగం మంది చుట్టాలింటికి పోతారు 😄

లిలాంగ్వే_లక్ష్మి
అమ్మాయ్, నేను చాలా ఏళ్ళుగా ఇక్కడి రాజధాని లిలాంగ్వేలో ఉంటున్నా, మా వారిది ఇక్కడే మందుల వ్యాపారం. రుంఫీ వైపు చాలాసార్లు వెళ్ళాను. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు దారి. ఎం1 రోడ్డు మీద లిలాంగ్వే నుంచి కసుంగు, జెండా మీదుగా మ్జూజూ దాదాపు 360 కిలోమీటర్లు. చికంగావా దగ్గర పైన్ అడవి మొదలవుతుంది, చీకటి పడకముందే అది దాటేలా బయలుదేరు. రుంఫీ పట్టణం మ్జూజూ దాటాక ఇంకా ఉత్తరాన. నీ బడి ఊళ్ళోనా, బొలేరో వైపా, కొండ మీద లివింగ్‌స్టోనియా వైపా కనుక్కో. మూడూ మూడు లోకాలు. బొలేరో పొగాకు నేల, మీ గోదావరి పిల్లవి కాబట్టి పొగాకు బారన్లు కొత్త కాదు. లివింగ్‌స్టోనియా దారి హెయిర్‌పిన్ మలుపుల కొండ, వానల్లో బండి ఎక్కదు.

భాష. ఇది జాగ్రత్తగా విను. 1968లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం చిచేవాని జాతీయ భాష చేసి, చితుంబుకాని రేడియోలోంచి, బళ్ళలోంచి తీసేసింది. 1994లో బహుళ పార్టీల పాలన వచ్చాకే రేడియోలో మళ్ళీ వినపడింది. అక్కడి పెద్దవాళ్ళకి అదంతా గుర్తే. నీకు చిచేవా వచ్చు కదా అని దాంతో మొదలుపెట్టకు. అర్థమవుతుంది, జవాబు కూడా చెప్తారు, కానీ ముఖం వికసించదు. "ములి ఉలి" అని ఒక్క పలకరింపు, "యెవో" అని ఒక్క ధన్యవాదం చాలు. తర్వాత ఎంత చిచేవా కలిపినా ఏమీ అనుకోరు.

మన ముఖం సంగతి. ఇక్కడ ఇండియన్ అనగానే దుకాణదారు అనుకుంటారు, ఎక్కువమంది గుజరాతీలు. పైగా 1970లలో ఆసియావాళ్ళని పల్లెల్లో వ్యాపారం మానిపించి పెద్ద పట్టణాలకే పరిమితం చేశారు, అందుకే పల్లెల్లో మనలాంటి ముఖం అరుదు. ధరలు అడుగుతారు, అప్పు అడుగుతారు. నొచ్చుకోకు. బళ్ళో చెప్తున్నా అని నెల రోజులు చెప్తూ ఉంటే ఊరికి తెలిసిపోతుంది.

తిండి. ఇది సంతోషించాల్సిన సంగతి. కరోంగా జిల్లా పక్కనే, అక్కడి కిలొంబెరో బియ్యం ఘుమఘుమలాడుతుంది. తోటకూర, గుమ్మడాకు, వేరుశనగపొడి ఎక్కడైనా దొరుకుతాయి. చింతపండు మలావి సరస్సు వైపు సంతల్లో ఉంటుంది. ఆవాలు, ఇంగువ మాత్రం లిలాంగ్వేలోనే కొనుక్కో, నేనూ కొంత కట్టిస్తా.

మానుకోట_మల్లన్న
లక్ష్మక్కా, భాష ముచ్చట మంచిగ చెప్పినవ్. మా యాసను సిన్మాలల్ల, బడులల్ల ఎక్కిరిచ్చిన రోజులు మాకింక యాదికున్నయ్. టీచరమ్మా, లక్ష్మక్క చెప్పినట్టే చెయ్. మొదాల వాళ్ళ మాటల పలకరియ్యి.

గుంటూరు_సిస్టర్
ఉష్ణమండల వ్యాధుల వార్డులో నర్సుని. బొలేరో వైపు అయితే వ్వాజా మార్ష్ రిజర్వు దగ్గరవుతుంది. అక్కడ త్సెత్సే ఈగలున్నాయి, నిద్ర జబ్బు కేసులు వచ్చే ప్రాంతం. అటు వెళ్తే నీలం, నలుపు బట్టలు వేసుకోకు, ఆ రంగులకి ఈగలు వస్తాయి. కుట్టినచోట పుండు పడి జ్వరం వస్తే మలేరియా పరీక్షతో సరిపెట్టుకోకు, ఈ అనుమానం డాక్టరుకి నోరు విడిచి చెప్పు. డెడ్జా ఎత్తైన చోటు, చల్లన. కిందికి దిగితే దోమలు పెరుగుతాయి, దోమతెర, మందు బిళ్ళ మానొద్దు. సరస్సు ఒడ్డున రెల్లు ఉన్నచోట నీళ్ళలో దిగితే బిల్హార్జియా అనే పురుగు జబ్బు వస్తుంది. దిగావంటే తర్వాత పరీక్ష చేయించుకో.

డాలస్_నాన్న
మా అమ్మాయి పీస్ కోర్‌లో జాంబియా వెళ్ళింది, తూర్పున లుండాజీ దగ్గర పల్లె. సరిహద్దుకి అటు జాంబియా వైపు కూడా చితుంబుకానే మాట్లాడతారు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల 60కి పైగా దేశాల నుంచి దాదాపు 7,000 మంది వాలంటీర్లని ఒక్కసారిగా వెనక్కి పిలిచారు. మా అమ్మాయికి మెసేజ్ వచ్చిన మర్నాడే బండి వచ్చింది. తనని కూతురిలా చూసుకున్న ఇంటావిడ ఆ రోజు పొలానికి వెళ్ళింది. చెప్పకుండానే రావాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక ఆ పిల్ల నెలల తరబడి ఆ ఒక్క విషయమే చెప్పుకుని ఏడ్చింది. పని ఆగిపోయిందని కాదు, ప్రాజెక్టు పోయిందని కాదు.

నీకు వారం ఉంది తల్లీ. కిగాలి అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఆఫీసు చెప్పొద్దన్నా సరే, ముసలమ్మకి ముందు చెప్పు.

జూబా_రుంబెక్
ఇక్కడ నేనూ ఒప్పుకుంటున్నాను. ఊరికి చెప్పడం భద్రతా నియమం కిందికి రాదు. ఒక్క జాగ్రత్త: ఏ రోజు, ఏ బండిలో వెళ్తున్నావో మాత్రం అందరికీ చెప్పకు. దొంగలు తిరుగుతున్న ఊరు కదా.

కిగాలి_కొండలు
సామాను పంచడం గురించి కూడా. పరుపు, సైకిలు, బకెట్లు, సోలార్ లైటు, ఇవన్నీ వెళ్ళే రోజు వాకిట్లో పెట్టి పంచావంటే నువ్వెళ్ళాక ఊళ్ళో గొడవలు. నా ముందున్న వాలంటీరు సైకిల్ ఒకరికి ఇచ్చి వెళ్తే, నేను చేరిన మొదటి వారమంతా ఆ పంచాయితీయే. బడివి బడికి రాసి ఇవ్వు, హెడ్డు సంతకం పెట్టించు. మిగతావి ఊరి పెద్ద సమక్షంలో ఇవ్వు. ముసలమ్మకి ఇచ్చేది మాత్రం నీ చేత్తో, ఇంటి లోపల.

మదనపల్లె_మనోజ్
నేనొకటి అడుగుతా, తిట్టొద్దు. వాలంటీరు పోతే బడి ఆగిపోతుందా? హెచ్ఎం గారు పిల్లలకి అన్యాయం అంటున్నారు. నేను నేపాల్లో చేసొచ్చినోణ్ణి. మనం లేకపోతే నడవని పని మనం పెట్టినామంటే పని పెట్టిన తీరే సరిగా లేదని. ఆ బడిలో లెక్కలు చెప్పే స్థానిక టీచరు ఉంటాడు కదా. ఈ వారమంతా అతనితో కూర్చో. ఏ పిల్లోడు ఎక్కడ తడబడతాడో, ఏ పాఠం మిగిలిందో అన్నీ అప్పజెప్పు. పిల్లలకి కావాల్సింది అదే.

విశాఖ_రిటైర్డ్_హెచ్ఎం
మనోజ్, అప్పజెప్పడం మంచిదే. అయితే ఆ స్థానిక టీచరుకి ఇప్పటికే ఎన్ని క్లాసులున్నాయో తెలుసా? ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలో? భారం ఎత్తి ఇంకొకరి నెత్తిన పెట్టి, పద్ధతిగా అప్పజెప్పాం అనుకోవడం నాకు నచ్చదు. పరీక్షల దాకా ఆగమని అడగడంలో నష్టమేముంది? కాదంటే అప్పుడే వెళ్దురుగాని.

మదనపల్లె_మనోజ్
అడగొద్దనడం లేదు సార్. కాదంటే కుమిలిపోవద్దంటున్నా.

డెడ్జా_టీచరమ్మ
అందరివీ చదివాను. జరిగింది చెప్తా.

నిన్న సాయంత్రం ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇక్కడి పద్ధతిలో రెండు చేతులూ దొప్పలా పట్టి మెల్లగా చప్పట్లు కొట్టి పలకరించా. పెద్ద సంగతి చెప్పేటప్పుడు అలా చేస్తారని నేర్పింది ఆవిడే. చూడగానే అర్థమైపోయింది ఆవిడకి. వేరుశనగలు ఒలుస్తోంది, చేటలోంచి సగం నా ముందుకి నెట్టింది. ఇద్దరం ఒలిచాం. తర్వాత అడిగింది, అక్కడ నీకు వండిపెట్టేదెవరు అని. ఆవిడ చెల్లెలి కొడుకు ఒకతను మ్జూజూలో మినీబస్సు నడుపుతాడంట, అతని నంబరు కోసం రాత్రే మనిషిని పంపింది.

ఇవాళ పొద్దున హెడ్ సార్‌కి చెప్పా. ఆయన నా ముందే మా ఆఫీసుకి ఫోన్ చేశారు. హెచ్ఎం గారూ, మీ మాటే పని చేసింది. ఆయనే జిల్లా విద్యాధికారి ఆఫీసుతో కూడా మాట్లాడారు. సాయంత్రానికి మా ఆఫీసు ఒక మెట్టు దిగింది. ఆ ఇంట్లో మాత్రం ఉండకూడదు, డెడ్జా టౌన్‌లో గెస్ట్‌హౌస్‌లో ఉండి రోజూ బడికి వచ్చి వెళ్ళు, ఫారం 4 పరీక్షలు అయ్యాక రుంఫీ. జూబా అన్నా, మీరు చెప్పినవన్నీ ఈమెయిల్లో పెట్టా. ఒప్పందం తేదీ మారదని, రవాణా వాళ్ళదేనని రాశారు. ఇంటిని ఎవరు చూశారన్న దానికి జవాబు రాలేదు. మళ్ళీ అడిగా.

మనోజ్ గారూ, మాతో లెక్కలు చెప్పే సార్‌తో రేపటి నుంచి రోజూ ఒక గంట కూర్చుంటున్నా. మీరన్నది కూడా నిజమే.

జూబా_రుంబెక్
జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్న వదలకు. ఫోటోలు అడుగు. తలుపువి, కిటికీలవి, మరుగుదొడ్డిది.

కడప_కాత్యాయని
ఇంట్లో చెప్పినావా లేదా?

డెడ్జా_టీచరమ్మ
చెప్పానక్కా. అమ్మ ఏడ్చింది, నాన్న మ్యాప్ తెరిచి రుంఫీ ఎక్కడో వెతుకుతున్నారు.

లిలాంగ్వే_లక్ష్మి
రుంఫీ వెళ్ళేటప్పుడు ఒక రాత్రి మా ఇంట్లో దిగు. పప్పు, ఆవకాయ, అన్నం. పొద్దున్నే బస్సెక్కిస్తా. వెళ్ళిన మొదటి వారంలోనే మీ బడివాళ్ళని తోడు తీసుకుని ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళాలి, అది మరవకు. అక్కడ ఎవరైనా చనిపోతే చితెంజె, అదే ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకునే గుడ్డ, నడుముకి చుట్టుకుని వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చో. మాటలు రాకపోయినా పర్లేదు. కిగాలి అమ్మాయి గడ్డపార గురించి అడిగింది కదా, ఇక్కడ మనిషిని ఊరు కలుపుకునేది చావు దగ్గరే.

కిగాలి_కొండలు
ఇది రాసి పెట్టుకున్నా లక్ష్మి గారూ.

డెడ్జా_టీచరమ్మ
తప్పకుండా దిగుతా అక్కా. ఒక్క సాయం కావాలి. పరీక్షల దాకా టైమ్ ఉంది కాబట్టి ఇక్కడే చితుంబుకా మొదలుపెడదామనుకుంటున్నా. ఈ చుట్టుపక్కల నేర్పేవాళ్ళు లేరు. పుస్తకం గానీ ఆడియో గానీ ఎవరి దగ్గరైనా ఉందా?

డాలస్_నాన్న
మా అమ్మాయి లుండాజీలో శిక్షణ అప్పుడు రాసుకున్న నోటుబుక్కులు రెండున్నాయి. స్కాన్ చేసి పంపమన్నాను, శనివారం కూర్చుని చేస్తానంది. పలకడం ఫోన్లో నేర్పుతానంటోంది, మీ సాయంత్రం తనకి పొద్దున అవుతుంది. ప్రైవేటు మెసేజ్‌లో నీకు వీలైన టైమ్ చెప్పు తల్లీ.